ట్రంకు రోడ్డుపై నియమము పుట్టిన విధము

నెల్లూరు దాటి చెన్నపట్టణము వైపు పోవు రహదారిపై వెంకటాచలం ఉన్నది. తూర్పున కృష్ణపట్నము రేవు, సమీపమున సర్వేపల్లి చెరువు క్రింది వరిమళ్ళు, ఊరి ప్రక్కగా రైలుమార్గము. కసుమూరు దర్గాకు పోవు యాత్రికులు, కాకుటూరులోని విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థులు, రేవునుండి సరకు నింపుకొని వచ్చు లారీలు, కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు పెద్ద బండ్లు, పొలమునకు సైకిలుపై పోవు రైతు — వీరందరికి ఈ బాటయే ఆధారము. ఇచ్చటి టోలుగేటు దాటి కొంతసేపు రోడ్డు ప్రక్క నిలిచి చూచినచో, గంటకు 5 కిలోమీటర్లు నడచు మనిషియు, గంటకు 100 కిలోమీటర్లు పరుగెత్తు కారును ఒకే నేలపై కనిపించును.

వేగములలో ఈ ఇరువది రెట్ల తేడా ఒక్కనాటిలో వచ్చినది కాదు. అది కొద్దికొద్దిగా పెరుగుచు రాగా, ఆ పెరుగుదల వెంట ఒక్కొక్క నియమము పుట్టినది. ఎడమ ప్రక్కగా పోవుట, చేయి చూపి మలుపు తిరుగుట, లైసెన్సు పొందుట, శిరస్త్రాణము ధరించుట — ఇవన్నియు ఎప్పుడు, ఏ అవసరమునుండి వచ్చినవో తెలిసికొన్నచో, వానిని పాటించుట జుల్మానా భయముతో చేయవలసిన పని కాదని తెలియును.

బండ్ల కాలము

ఈ బాటకు పూర్వనామము ఉత్తరపు ట్రంకు రోడ్డు. చెన్నపట్టణమునుండి నెల్లూరు, ఒంగోలు మీదుగా ఉత్తర సర్కారులకును, అచ్చటినుండి కలకత్తాకును పోవు మార్గమిది. నెల్లూరు పట్టణములో ప్రధాన వీథిని జనులు నేటికిని ట్రంకు రోడ్డనియే పిలుచుచున్నారు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. తిరుగు ప్రయాణములో ఆయన సముద్రతీరపు జిల్లాలను గడచి నెల్లూరు మీదుగా వచ్చెను. పల్లకీ మోయు బోయీల అడుగు ఎంత వేగమో, ఆయన ప్రయాణమును అంతే వేగము.

సామాన్యులకు కాలినడక, సరకులకు ఎద్దుబండి. ఎద్దుబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోదు. ఎండ దిగిన పిదప బండ్లు బారులు తీరి బయలుదేరుచుండెను. ముందుబండి ఎద్దులకు దారి తెలిసియుండుటచేత, వెనుక బండ్లవారు కునుకు తీసినను పెద్ద ముప్పు లేకుండెను. బండి క్రింద వ్రేలాడు లాంతరే వారి దీపము.

ఎదురుగా మరియొక బారు వచ్చినప్పుడు ఏమి జరుగుచుండెను? ఒకరు కేక వేయుదురు, రెండవవారు బదులు పలుకుదురు. వీలును బట్టి ఎవరో ఒకరు ప్రక్కకు తొలగుదురు. తెలుగు రైతు కాడికి కట్టిన కుడి ఎద్దును వలపటి ఎద్దనియు, ఎడమ ఎద్దును దాపటి ఎద్దనియు పిలుచును. కుడియెడమలకు ఇంత నికరమైన మాటలున్నను, తప్పక ఫలానా ప్రక్కగానే పోవలెనను కట్టడి బండ్లవారికి అంతగా అవసరము కాలేదు. దీనికి కారణము చిన్న లెక్కతో తెలియును. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చునప్పుడు, వాని నడుమనున్న 100 మీటర్ల దూరము తరుగుటకు 45 సెకనులు పట్టును. ఆ వ్యవధిలో ఇద్దరు మనుష్యులు మాటలాడుకొని తీర్పు చేసికొనవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల చొప్పున రెండు కారులు ఎదురెదురుగా వచ్చినచో, అదే 100 మీటర్లు రెండు సెకనులు గడువకముందే తరిగిపోవును. అప్పుడు మాటలకు తావు లేదు. మాటలాడుకొను వ్యవధి లేనిచోట, ముందుగానే అందరును ఆడి ఉంచుకొన్న మాటయే నియమము.

ఆ కాలమున బరువు సరకులలో చాలభాగము తూర్పుననున్న బకింగ్‌హాము కాలువపై పడవలలో పోవుచుండెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి రైలు వచ్చెను. రైలు వేగమైనదే గాని, దానికి ప్రత్యేకముగా పట్టాలున్నవి, గేట్లున్నవి, కైకాటి కంబములున్నవి. వేగమును తెచ్చి జనులు నడచు బాటపై విడిచినది మోటారు బండియే.

ఎర్రజెండా మనిషి

మోటారుకు ముందే ఇంగ్లండులో రోడ్లపై ఆవిరియంత్రములు నడచెను. వానిని చూచి గుఱ్ఱములు బెదరుచుండుటచేత 1865లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. యంత్రము పల్లెలలో గంటకు 4 మైళ్ళు, పట్టణములలో 2 మైళ్ళు మించి పోరాదు. దానికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడువవలెను. నేడు ఈ చట్టమును తలచుకొని నవ్వువారు కలరు. కాని అందలి ఆలోచన తప్పు కాదు. క్రొత్త వేగము వచ్చుచున్నదని నడచువారికి ముందుగా తెలియజేయవలెను. ఆ పనినే నేడు హారను, దీపములు, బాటప్రక్కన నిలిపిన హెచ్చరిక పలకలు చేయుచున్నవి.

1896లో ఆ చట్టమును సడలించి గంటకు 14 మైళ్ళ వరకు అనుమతించిరి. అదే సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ మోటారుకారు తగిలి మరణించెను. బ్రిటనులో మోటారుకారు క్రిందబడి మరణించిన కాలినడక మనుష్యులలో ఆమెయే మొదటిదని చెప్పుదురు. 1903లో వచ్చిన చట్టము కారులకు నంబరు పలకలను, నడుపువారికి లైసెన్సులను విధించి, వేగమును గంటకు 20 మైళ్ళకు పరిమితము చేసెను.

బాటపై సంజ్ఞలు కూడ రైలునుండియే వచ్చినవి. 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనము ఎదుట నైట్ అను రైల్వే ఇంజనీరు ఎరుపు, ఆకుపచ్చ గ్యాసుదీపములతో ఒక కంబము నిలిపెను. కొన్ని వారములకే గ్యాసు ప్రేలి దానిని నడుపు పోలీసువాడు గాయపడెను. విద్యుద్దీపముల సంజ్ఞ 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున నిలిచెను. 1909లో పారిసులో అనేక దేశముల ప్రతినిధులు కూడి, భాష రానివారికిని అర్థమగునట్లు, గతుకు, మలుపు, కూడలి, రైలుగేటు అను నాలుగు అపాయములకు నాలుగు బొమ్మలు నిర్ణయించిరి. నేడు రోడ్డు ప్రక్క కనిపించు బొమ్మలన్నియు ఆ నాలుగింటి సంతతియే.

మోటారు రాక

చెన్నపట్టణమున సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడచు కారును నిర్మించెను. ఆ కంపెనీ నిర్మించిన ఆవిరి బస్సు 1905లో బెజవాడ, మచిలీపట్నముల నడుమ నడచెను. తెలుగు నేలపై బండ్ల బాటలకు యంత్రవేగము ఈ విధముగా పరిచయమయ్యెను.

మొదట బొంబాయి, మద్రాసు వంటి రాజధానులు వేరువేరుగా మోటారు చట్టములు చేసికొనెను. 1914లో దేశమంతటికిని ఒకే చట్టము వచ్చెను. బండిని రిజిస్టరు చేయించుట, నడుపువాడు లైసెన్సు కలిగియుండుట, నిర్లక్ష్యముగా నడుపుట నేరమగుట — ఇవి దానిలోని ముఖ్యాంశములు. కాని పాతికేండ్లలో లారీలును, బస్సులును అంత పెరుగునని ఆ చట్టము చేసినవారు ఊహింపలేదు. అందుచే 1939లో విపులమైన మోటారు వాహనముల చట్టము వచ్చెను. దాని చివర చేర్చిన పట్టికలలో ఒకటి వేగ పరిమితులను, ఒకటి రోడ్డు గుర్తులను, ఒకటి నడుపు నియమములను తెలిపెను. బండివలన దెబ్బతిన్న మూడవ మనిషికి పరిహారము లభించుటకు భీమా తప్పనిసరి అయినదియు ఈ చట్టమువలననే. ఆ భాగము 1946లో అమలులోనికి వచ్చెను. 1988 చట్టము దాని స్థానమును పొంది, 1989 జులై 1వ తేదీనుండి అమలగుచున్నది. నడుపు నియమములను 2017లో తిరిగి వ్రాసిరి; 2019లో జుల్మానాలను పెంచిరి.

ఎడమయే ఎందుకు?

1939 నాటి నడుపు నియమములలో మొదటిది, వీలైనంతవరకు బాటకు ఎడమ ప్రక్కగా నడిపి, ఎదురు బండ్లను తన కుడి ప్రక్కగా పోనీయవలెననుట. ఈ నియమము ఇంగ్లండునుండి వచ్చినది. క్రిక్కిరిసిన లండను వంతెనపై ఎడమ ప్రక్కగా పోవలెనని 1722లోనే ఆజ్ఞ వెలువడెను. 1835లో అది అచ్చటి దేశమంతటికిని చట్టమయ్యెను. ఫ్రాన్సు, అమెరికా దేశములలో కుడి ప్రక్క అలవాటయ్యెను.

ఎడమలో సహజమైన గొప్పతనమేమియు లేదు. తెలుగువారెందరో బ్రతుకుతెరువుకై పోయిన బర్మా 1970లో ఎడమనుండి కుడికి మారెను. స్వీడను దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు ఒక్కసారిగా మారెను. ఏ ప్రక్క అయినను కార్యము సాగును. అందరిదియు ఒకే ప్రక్క కావలెను. పదిమందిలో తొమ్మిదిమంది ఎడమగా పోయి, ఒక్కడు కుడిగా వచ్చినచో, ఆ ఒక్కనివలన తొమ్మిదిమంది నమ్మకమును చెడిపోవును.

ఈ నియమమునుండియే మరికొన్ని పుట్టినవి. ఎడమగా పోవు దేశములలో స్టీరింగు కుడి ప్రక్క ఉండును. ముందుబండిని దాటవలసినప్పుడు నడుపువానికి ఎదురు బాట కనిపించుటకే ఈ అమరిక. అందువలననే దాటుట కుడి ప్రక్కనుండి జరుగవలెను. ముందువాని అద్దములు, అతని చూపు ఆ వైపును కనిపెట్టియుండును. ఎడమనుండి దూరువానిని అతడు ఎదురుచూడడు. మలుపువద్ద, వంతెనపై, మిట్టయెక్కునప్పుడు దాటరాదనుటకు కారణమును చూపే. కనబడని బాటను ఖాళీ బాటగా తలచుట కంటె గొప్ప పొరపాటు లేదు.

బండి ఎక్కడ ఆగును?

వేగమును గూర్చి జనులలో ఒక భ్రమ కలదు. వేగము రెట్టింపైనచో అపాయము రెట్టింపగునని అనుకొందురు. ప్రకృతి లెక్క వేరు. కదలు వస్తువునందలి గతిశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. వేగము రెండు రెట్లయిన శక్తి నాలుగు రెట్లు, మూడు రెట్లయిన తొమ్మిది రెట్లు. బ్రేకు వేసినప్పుడు ఆ శక్తినంతటిని బ్రేకులును, టైరులును వేడిగా మార్చి పోగొట్టవలెను. టైరుకును రోడ్డుకును నడుమనున్న ఘర్షణ పెరుగదు కనుక, దూరమే పెరుగవలసి వచ్చును.

దీనికి మనిషి చేసెడి ఆలస్యము తోడగును. కన్ను చూచి, మెదడు తీర్మానించి, కాలు బ్రేకును త్రొక్కుటకు కొంత కాలము పట్టును. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు, రోడ్లు నిర్మించు ఇంజనీర్ల కొరకు ఈ కాలమును రెండున్నర సెకనులుగా తీసికొని, బండి భద్రముగా ఆగుటకు కావలసిన దూరములను నిర్ణయించినది. గంటకు 40 కిలోమీటర్ల వేగమునకు 45 మీటర్లు, 80 కిలోమీటర్లకు 120 మీటర్లు, 100 కిలోమీటర్లకు 180 మీటర్లు. ఈ 180 మీటర్లలో సుమారు 70 మీటర్లు బ్రేకుపై కాలు పడకముందే గడచిపోవును.

ఇప్పుడు బాట దాటు మనిషిని చూడుడు. ఒక దిక్కుగా పోవు రెండు వరుసల వెడల్పు సుమారు 7 మీటర్లు. సాధారణముగా నడచు మనిషికి దానిని దాటుటకు 6 సెకనులు పట్టును; ముసలివారికి, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి ఇంకను ఎక్కువ. ఆ 6 సెకనులలో 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు 165 మీటర్లకు పైగా ముందుకు వచ్చును. అనగా ఆ తల్లి బాటపై అడుగుపెట్టునప్పుడు కారు ఎక్కడో దూరమున చిన్న చుక్కవలె కనిపించును. దాని వేగమును అంచనా వేయుట ఆమె కంటికి సాధ్యము కాదు. వేగము తగ్గించు బాధ్యత కారు నడుపువానిపైననే ఉన్నదనుటకు ఇంతకు మించిన ఋజువు అక్కరలేదు.

రాత్రివేళ పరిస్థితి మరింత కఠినము. ఎదురువారి కన్నులు మిరుమిట్లు గొనకుండ దించిన దీపము సుమారు 50, 60 మీటర్ల బాటను మాత్రమే చక్కగా చూపును. 80 కిలోమీటర్ల వేగముతో పోవువానికి ఆగుటకు 120 మీటర్లు కావలెను. అనగా అతడు తన దీపము చూపని చీకటిలోనికి పరుగెత్తుచున్నాడు. ఆ చీకటిలో వెనుక ఎర్రదీపము లేని ట్రాక్టరు తొట్టియో, చెడిపోయి నిలిచిన లారీయో ఉన్నచో ఫలితము చెప్పనక్కరలేదు. పూర్వము బండి క్రింద వ్రేలాడిన లాంతరు చేసిన పనిని నేడు తొట్టి వెనుక అంటించిన ఎర్రని ప్రతిఫలన పట్టీ చేయగలదు. దానికగు ఖర్చు చాల స్వల్పము.

విశాలమైన బాట, క్రొత్త చిక్కు

స్వాతంత్ర్యానంతరము ట్రంకు రోడ్డు 5వ నంబరు జాతీయ రహదారి అయ్యెను; 2010లో నంబరులు మార్చినప్పుడు 16వది అయ్యెను. 1999లో శంకుస్థాపన జరిగిన స్వర్ణ చతుర్భుజి పథకములో చెన్నై–కోల్‌కతా భాగము నాలుగు వరుసలుగా విస్తరింపబడెను. 2008లో కృష్ణపట్నము రేవు ప్రారంభమగుటతో వెంకటాచలం ప్రాంతమున లారీల రాకపోకలు హెచ్చెను.

బాట నడుమ కట్టిన డివైడరు ఒక గొప్ప మేలు చేసినది. ఎదురెదురుగా గ్రుద్దుకొనుటను అది చాలవరకు ఆపినది. ఎడమ నియమమును మరచిన వానిని గూడ అది ఎడమనే ఉంచును. కాని ఒక చిక్కు వచ్చినది. పొలము ఒక ప్రక్క, ఇల్లు ఒక ప్రక్క ఉన్నవాడు పూర్వము పదడుగులు దాటి పోవుచుండెను. ఇప్పుడు డివైడరులో దారి ఉన్నచోటి వరకు పోయి తిరిగి రావలెను. ఆ చుట్టు తప్పించుకొనుటకు మోటారు సైకిలుపై కొందరు ఎదురు దిశలో, బాట అంచున వత్తుకొని వచ్చుచున్నారు. వారి 40 కిలోమీటర్ల వేగము, ఎదురు కారు 100 కిలోమీటర్ల వేగము కలిసి 140 అగును. కారువాడు కాలు కదలించు రెండున్నర సెకనులలో ఇద్దరి నడుమ 97 మీటర్లు తరిగిపోవును. మిగిల్చుకొన్నది అయిదు నిమిషములు. పణముగా ఒడ్డినది ప్రాణము.

ఇందు తప్పు నడుపువానిది మాత్రమే అనుట న్యాయము కాదు. రైతు తాతముత్తాతలు నడచిన బాట అది. వాని నడకను తెగగొట్టినప్పుడు క్రింది వంతెనయో, సర్వీసు రోడ్డో, వెలుతురు గల దాటుచోటో ఇచ్చుట నిర్మించువారి విధి. అవి ఉన్నచోట వానిని వాడుట, సర్వీసు రోడ్డుపై వడ్లు ఆరబోయకుండుట, పశువులను వదలకుండుట గ్రామస్థుల విధి. ఊరు కనిపించగానే వేగము తగ్గించుట దూరపు ప్రయాణికుని విధి. ఈ మూడింటిలో ఏది లోపించినను తక్కిన రెండును వ్యర్థము.

లెక్కలు ఏమి చెప్పుచున్నవి?

కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. మరణములలో నూటికి 71 అతివేగమువలన కలిగినవే. దేశములోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి సుమారు రెండు వంతులు మాత్రమే అయినను, మరణములలో మూడవ వంతుకు పైగా వానిపైననే జరిగినవి. 2018లో కేంద్రము నాలుగు వరుసల విభక్త రహదారులపై కారులకు గరిష్ఠ వేగము 100 కిలోమీటర్లుగా, సరకు లారీలకును మోటారు సైకిళ్ళకును 80 కిలోమీటర్లుగా నిర్ణయించినది. ఇవి దాటరాని హద్దులే గాని, చేరి తీరవలసిన గమ్యములు కావు.

మనిషి తలకు ప్రకృతి ఇచ్చిన పెంకు నడకకును, పరుగునకును తగినది. 1935లో మోటారు సైకిలు ప్రమాదమున టి. ఇ. లారెన్సు మరణించినప్పుడు ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆ మరణము ఆ శస్త్రవైద్యుని ఆలోచింపజేసెను. ఆయన చేసిన పరిశోధనలే శిరస్త్రాణము ప్రాణము నిలుపునని నిరూపించినవి. 1959లో స్వీడను ఇంజనీరు నిల్స్ బోలిన్ ఛాతీని, నడుమును కలిపి పట్టు మూడు కొనల సీటుబెల్టును రూపొందించెను. కారు ఆగినను లోపలి మనిషి ఆగడు. జడత్వముచే ముందుకు పోవును. బెల్టు అతనిని కారుతోపాటు ఆపును. ముందు సీటువారికి ఎంత అవసరమో వెనుక సీటువారికిని అంతే అవసరము.

మద్యము ఆలస్యమును పెంచును. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో బండి నడుపుట మన చట్టము ప్రకారము నేరము. బ్రేకు త్రొక్కుటలో అర సెకను ఆలస్యమైనను, 80 కిలోమీటర్ల వేగమున బండి మరియొక 11 మీటర్లు ముందుకు పోవును. నిద్రమత్తును, చేతిలోని ఫోనును చేయునదియు ఇదే. ఎద్దుబండిపై కునుకు తీసినవానిని ఎద్దులు ఇల్లు చేర్చెను. ఇంజనుకు అట్టి జ్ఞానము లేదు.

ప్రమాదము జరిగినచోట నిలిచి సహాయము చేయుటకు పూర్వము జనులు జంకుచుండిరి. 2019 సవరణ సద్బుద్ధితో సహాయము చేసినవానికి చట్టరక్షణ నిచ్చినది. ఆంధ్రదేశమున 2005లో ప్రారంభమైన 108 అంబులెన్సు సర్వీసునకు ఒక్క పిలుపు చాలును.

పాత ట్రంకు రోడ్డుపై ఎదురుపడిన బండ్లవారు ఒకరినొకరు పలుకరించి దారి ఇచ్చుకొనిరి. నేడు ఆ పలుకరింపు మరియొక రూపము దాల్చినది. మలుపుకు ముందు వెలుగు పసుపుపచ్చ దీపము, రాత్రి దించిన ముందుదీపము, ఊరివద్ద తగ్గిన వేగము, ఎడమన నిలిచిన చక్రము — ఇవి వేగముగా పోవు మనుష్యులు ఒకరితో ఒకరు ఆడుకొను మాటలు. వెంకటాచలం వద్ద బాట దాటుటకు అంచున నిలిచియున్న మనిషి ఆ మాటకొరకే ఎదురుచూచుచున్నాడు.